సముద్రానికి జ్వరం చూసేవాళ్లతో నా పేచీ

కిందటేడు చిత్త కార్తెలో మా బాబాయి రొయ్యల చెరువు పట్టేశాడు. ఇంకో నెల ఆగితే అరవై కౌంటుకు, అంటే కిలోకు అరవై రొయ్యలు తూగే సైజుకు, వచ్చే సరుకు, వంద కౌంటు దగ్గరే వలకెక్కింది. దీనికంతటికీ కారణం ఒక వీడియో. ఎర్రగా రంగు పులిమిన బంగాళాఖాతం పటం ముందు ఒక యువకుడు నిలబడి, సముద్రం 30 డిగ్రీలకు చేరిందనీ, కుతకుతలాడుతోందనీ, వచ్చే వారం నెల్లూరు తీరానికి గండం తప్పదనీ చెప్పాడు. బాబాయి ఆ రాత్రి దాన్ని నాలుగుసార్లు చూశాడు. గట్టు తెగితే చెరువంతా కాలువపాలవుతుందని భయం. తెల్లారీ తెల్లారకముందే వ్యాపారికి ఫోను చేశాడు. వాన మాత్రం రాలేదు. పద్దెనిమిది రోజులు ఎండ కాసింది, ఉక్క పోసింది, చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఒక్క చినుకు పడలేదు.

ఆ యువకుడి మీద నాకు కోపం లేదు. అతను చెప్పిన ఉష్ణోగ్రత నిజమే. అక్టోబరులో బంగాళాఖాతం 29, 30 డిగ్రీల దగ్గర ఉండటం వింతేమీ కాదు. తప్పంతా ‘కాబట్టి’ అన్న మాటలో ఉంది. నీళ్లు వేడిగా ఉన్నాయి కాబట్టి వాన. ఈ ‘కాబట్టి’ ఇప్పుడు టీవీలోనూ వాట్సాప్‌లోనూ అల్లూరు బస్టాండు టీ కొట్టులోనూ ఒకేలా వినిపిస్తోంది. సముద్రం నోట్లో థర్మామీటరు పెట్టి, జ్వరం చూసి, ఊరి వాతావరణమంతా చెప్పేస్తున్నాం. నా పేచీ దానితోనే. నీటి ఉష్ణోగ్రత సముద్రం దగ్గర నిల్వ ఎంత ఉందో చెబుతుంది. ఇస్తున్నదెంతో చెప్పదు. మన వానలను ఆడించేది ఆ ఇచ్చిపుచ్చుకోవడమే. పైగా, చాలాసార్లు సముద్రం వేడిగా ఉండేది ఏమీ ఇవ్వకుండా దాచుకుంటున్నందువల్లే.

ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి బతికేవాణ్ని నేను. నీరు ఆవిరవుతూ తనలో దాచుకుపోయే వేడి, అదే గుప్తోష్ణం, దాని పాఠం ఎన్నేళ్లు చెప్పానో లెక్కలేదు. అది నాకు అర్థమైంది మాత్రం ఇసకపల్లి ఉప్పు మడుల్లో, ఒక మే నెలలో.

ఒక స్నేహితుడి మడి చూడటానికి వెళ్లాను. అక్కడ పనిచేసే పెద్దాయన పాదాలు ఉప్పుకు తెల్లబారి, మడమలు చీలి ఉన్నాయి. రెండు రోజులుగా ఆకు కదలడం లేదు. ఎండ నెత్తిన పొయ్యి పెట్టినట్టుంది. ‘చెయ్యి పెట్టి చూడండి సార్’ అన్నాడు. పెట్టి చటుక్కున తీసేశాను. స్నానానికి కాచిన నీళ్లలా ఉంది. ‘ఇంత కాగినా డిగ్రీ ఎక్కడం లేదు’ అన్నాడు విసుగ్గా. ఆయన చెప్పే డిగ్రీ వేడిది కాదు, చిక్కదనానిది. నీటిలో ఒక గాజు గొట్టం తేలవేసి, దాని మీది గీత చూస్తారు. సముద్రపు నీరు 3 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. మడి నుంచి మడికి మారుతూ, ఎండుతూ, 25 దాటాక ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. ఆ రెండు రోజులూ గీత ఉన్నచోటే ఉంది.

మూడో రోజు పడమటి గాలి లేచింది. పెదవులు పగిలే పొడి గాలి. దుమ్ము, ఈత మట్టల చప్పుడు. సాయంత్రం మళ్లీ మడిలో చెయ్యి పెట్టాను. ముందటి రోజు కంటే స్పష్టంగా చల్లగా ఉంది. మడి అంచున మాత్రం పాల మీద మీగడలా తెల్లటి పొర కట్టింది. పెద్దాయన పొడుగాటి కర్రకు బిగించిన పలకతో దాన్ని దగ్గరికి లాగుతూ, ‘ఎండకు నీళ్లు కాగుతాయి సార్. గాలి కొడితేనే ఉప్పు’ అన్నాడు.

నీళ్లు వేడిగా ఉన్న రెండు రోజులూ మడి ఏమీ ఇవ్వలేదు. ఇవ్వడం మొదలుపెట్టిన రోజు చల్లబడింది. ఎండ తెచ్చిన వేడిని మోసుకుపోయేవాడు లేక అది నీటిలోనే పేరుకుపోయింది. గాలి వచ్చి ఆవిరి రూపంలో మోసుకుపోయింది. ఆ యువకుడు నా పక్కన ఉంటే మొదటి రోజు మడిని చూసి ‘కుతకుతలాడుతోంది’ అని ఉండేవాడు. నిజమే, కుతకుతలాడుతోంది. ఉప్పేదీ?

ఆ రాత్రి బస్సులో కాగితం తీసి లెక్క వేశాను. ఒక ఎకరం మడి నుంచి రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరైందనుకుందాం. అంటే సుమారు 20 వేల లీటర్లు. ఒక లీటరు ఆవిరి కావడానికి దాదాపు 24 లక్షల జౌళ్ల శక్తి కావాలి. మొత్తం కలిపి కరెంటు భాషలోకి మారిస్తే సుమారు 13,500 యూనిట్లు. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటికి ఐదేళ్లకు పైగా సరిపోతుంది. ఒక్క ఎకరం, ఒక్క రోజు, చప్పుడు లేదు, పొగ లేదు. ఆ వేడి ఎక్కడికీ పోలేదు కూడా. ఆవిరిలో దాక్కుని గాలితో ప్రయాణమవుతుంది. ఎక్కడో, ఎప్పుడో మేఘంలో ఆవిరి మళ్లీ నీరైనప్పుడు విడుదలై, చుట్టూ ఉన్న గాలిని పైకి తోస్తుంది. అసలు గుప్తోష్ణం అన్న పేరు పెట్టినవాడికి దండం పెట్టాలి. గుప్తంగా పోతుంది, గుప్తంగా వస్తుంది. సముద్రం మీద ఆ ఎకరాలు ఎన్ని కోట్లో ఊహించుకోండి.

సముద్రం పద్దు చూస్తే, జమ అంతా ఎండే. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఒక్కో చదరపు మీటరుకు, రాత్రింబవళ్ల సగటున, 250 వాట్ల దాకా వచ్చి పడుతుంది. దట్టంగా మబ్బు పడితే అది 100 లోపుకు జారుతుంది. ఖర్చులో పెద్ద పద్దు ఆవిరి. మడి లెక్కలో 5 మిల్లీమీటర్లంటే 140 వాట్లు. సముద్రం మీద కూడా ఆ ప్రాంతంలోనే, గాలిని బట్టి అటూ ఇటూ. తర్వాతది సముద్రం ఆకాశానికి విడిచే కనిపించని వికిరణం. గాలికీ నీటికీ నేరుగా తగిలి మారే వేడి మన ఉష్ణమండలంలో చిల్లర ఖర్చు. ఆవిరి ఎంతన్నది రెండింటి మీద ఆధారపడుతుందని రెండు శతాబ్దాల కిందటే జాన్ డాల్టన్ తేల్చాడు: గాలి వేగం ఎంత, పైనున్న గాలి ఎంత పొడిగా ఉంది. గాలి రెట్టింపైతే ఆవిరి కూడా దాదాపు రెట్టింపు. ఇసకపల్లి పెద్దాయన డాల్టన్‌ను చదవలేదు. ఆ మాటకొస్తే చదివిన నేను మడిలో చెయ్యి పెట్టేదాకా గ్రహించలేదు.

ఒక సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. సముద్రంలో పైపైన ఉన్న రెండున్నర మీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత వేడి కావాలో, దాని నెత్తిన అంతరిక్షం అంచుదాకా ఉన్న గాలి మొత్తాన్నీ ఒక డిగ్రీ వేడెక్కించడానికీ అంతే కావాలి. మనిషి మునిగేటంత లోతు కంటే కొంచెం ఎక్కువ, అంతే. అంత నీటిని చూసి మనం కెరటాల్లో పిల్లల్ని ఆడిస్తుంటాం. ఆ పై పొర కొద్దిగా విదిలిస్తే గాలికి అది మహా సంపద. విదల్చకపోతే పక్కనే ఉండి కూడా లేనట్టే.

ఇక సముద్రం 28 డిగ్రీలు దాటితే మేఘం కడుతుందనే మాట సంగతి. 1984లో సులోచనా గాడ్గిల్, పి.వి. జోసెఫ్, ఎన్.వి. జోషి అనే మన శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. హిందూ మహాసముద్రం మీద ఉపగ్రహాలు చూసిన మేఘాలనూ, నీటి ఉష్ణోగ్రతనూ పక్కపక్కన పెట్టి చూశారు. నీరు 28 డిగ్రీల కంటే చల్లగా ఉంటే దట్టమైన మేఘవ్యవస్థలు అరుదు. దాటితే వాటికి అవకాశం ఒక్కసారిగా పెరుగుతుంది. అక్కడిదాకా అందరికీ తెలుసు. అందరూ మరిచిపోయేది ఆ తర్వాతి మాట. గడప దాటాక నీరు ఇంకా ఎంత వేడెక్కినా మేఘం దానికి తగ్గట్టు పెరగదు. 29 డిగ్రీల నీటి మీద కుండపోత ఉండవచ్చు, 30 డిగ్రీల నీటి మీద నీలాకాశం ఉండవచ్చు. 28 అన్నది ఇంట్లోకి రానిచ్చే గడప. లోపల విందు ఉందో లేదో గడప చెప్పదు. మన బంగాళాఖాతం ఏడాదిలో చాలా నెలలు ఆ గడపకు లోపలే ఉంటుంది. అలాంటప్పుడు ‘సముద్రం వేడిగా ఉంది’ అని చెప్పడం, నెల్లూరులో మే నెలలో ‘ఎండగా ఉంది’ అని చెప్పడం లాంటిది. నిజమే గాని వార్త కాదు.

వార్త మరోచోట ఉంది. రుతుపవనాల కాలంలో బంగాళాఖాతాన్ని రోజురోజూ గమనిస్తే ఒక ఊయల కనిపిస్తుంది. కొన్నాళ్లు ఆకాశం తేటగా, గాలి మందంగా ఉంటుంది. జమ ఎక్కువ, ఖర్చు తక్కువ. మిగులు చదరపు మీటరుకు 100 వాట్లు ఉంటే, పాతిక మీటర్ల మందం ఉన్న పై పొర పది పన్నెండు రోజుల్లో ఒక డిగ్రీ ఎక్కుతుంది. పొర పలచనైతే ఇంకా త్వరగా ఎక్కుతుంది. ఈలోగా కింది గాలిలో తేమ పేరుకుంటుంది. తర్వాత దక్షిణం నుంచి మేఘాల గుంపు వస్తుంది. మబ్బు ఎండను అడ్డుకుంటుంది, ఈదురుగాలి ఆవిరిని లాక్కుపోతుంది. జమ పడిపోయి ఖర్చు పెరుగుతుంది. నీరు చల్లబడుతుంది. మేఘాలు ఉత్తరానికి జరిగిపోతాయి, మళ్లీ తేట ఆకాశం. ఈ ఊయలలో నీటి ఉష్ణోగ్రత శిఖరానికి చేరేది వాన శిఖరం కంటే సుమారు పది రోజుల ముందు. వాన దంచే రోజున నీరు అప్పటికే చల్లబడుతూ ఉంటుంది. కాబట్టి ఈ రోజు వేడినీ ఈ రోజు వాననూ జతకట్టేవాడు రెండు వేర్వేరు రోజుల పద్దులు కలిపేస్తున్నాడు.

ఇదే ఊయల ఇంకా పెద్దది భూమధ్యరేఖ వెంట నడుస్తుంటుంది. 1971లో రోలండ్ మాడెన్, పాల్ జూలియన్ అనే ఇద్దరు పసిఫిక్‌లోని కాంటన్ దీవి గాలి కొలతల్లో 40, 50 రోజులకొకసారి తిరిగొచ్చే ఒక అలను పట్టుకున్నారు. హిందూ మహాసముద్రంలో పుట్టి, సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో, అంటే సైకిల్ తొక్కే మనిషి వేగంతో, తూర్పుకు నడుస్తుంది ఆ మేఘాల మంద. అది మన రేఖాంశాల దగ్గర ఉన్న వారాల్లో బంగాళాఖాతంలో అల్పపీడనాలకు ఊపు. దాటిపోయిన వారాల్లో సముద్రం ఎంత కాగినా పలికేవాడు ఉండడు. మన పెద్దలు ‘చిత్త చినుకు తన చిత్తమున్నచోట పడుతుంది’ అన్నారు. దానికి చిత్తం ఉందో లేదో గాని, క్యాలెండరు మాత్రం ఉంది. అది కార్తెలకు సరిపోని క్యాలెండరు, అంతే.

ఇక్కడ నా వాదనకు ఒక ఎదురుదెబ్బ ఉంది, దాచను. ఈ అలను నడిపేది నిజంగా సముద్రమేనా, లేక గాలి తన ఆట తాను ఆడుకుంటుంటే సముద్రం పక్కన కూర్చుని చల్లబడుతూ వేడెక్కుతూ ఉంటుందా? శాస్త్రవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదు. సముద్రపు ఉష్ణోగ్రతను కదలకుండా కట్టేసిన కంప్యూటర్ నమూనాల్లో కూడా ఆ అల లాంటిది పుడుతుంది. అయితే సముద్రాన్ని కూడా వేడెక్కనిచ్చి చల్లబడనిస్తే, చాలా నమూనాల్లో అది మరింత నిజం అలలా నడుస్తుంది. నా మటుకు నాకు సముద్రం ఇందులో తాళం వేసేవాడు. పాట గాలిదే. తాళం తప్పితే మాత్రం పాట ఎక్కడికో పోతుంది.

ఇదంతా నైరుతి కాలపు ముచ్చట అని నెల్లూరువాళ్లు అడ్డు తగలవచ్చు. న్యాయమే. మనకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్యంలోనే పడుతుంది. ఉత్తరాది నేల మీది నుంచి బయలుదేరిన పొడి గాలి బంగాళాఖాతం దాటుతూ దారిపొడుగునా తేమ తాగి మన తీరానికి చేరుతుంది. ఇసకపల్లి మడి మీద పడమటి గాలి చేసిన పనినే ఈ గాలి మొత్తం బంగాళాఖాతం మీద చేస్తుంది. కాని అప్పటికి సముద్రం మామూలు సముద్రంగా ఉండదు. దాని నెత్తిన మంచినీటి దుప్పటి ఉంటుంది.

ఈ దుప్పటి కథ నాకు చాలా ఇష్టం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వానాకాలమంతా మోసుకొచ్చిన నీరు ఉత్తర బంగాళాఖాతంలో పైపైన పరుచుకుంటుంది. వానలు వెనక్కి తగ్గాక తీరం వెంట దక్షిణానికి మళ్లిన ప్రవాహం దాన్ని లాక్కొస్తుంది. సుమారు 100 కిలోమీటర్ల వెడల్పున్న తీగలా మన తీరం పక్కనుంచి పారి, రెండున్నర నెలల్లో దేశం దక్షిణపు కొసకు చేరుతుంది. సముద్రంలో నది. దీన్ని కనిపెట్టిన తీరు ఇంకా బాగుంటుంది. ఏ కోట్ల రూపాయల ఓడా కాదు. తీరంలో కొన్నిచోట్ల జాలర్లు క్రమం తప్పకుండా సీసాల్లో సముద్రపు నీరు పట్టి ఇస్తే, ఆ నీటి ఉప్పదనం ఏళ్ల తరబడి కొలిచి, 2014లో మన శాస్త్రవేత్తలూ ఫ్రెంచి శాస్త్రవేత్తలూ కలిసి ప్రకటించారు.

ఉప్పు తక్కువైన నీరు తేలిక, కాబట్టి పైనే ఉంటుంది, కిందిదానితో కలవదు. దీని ఫలితం బాబాయి చెరువులో నా కళ్లతో చూశాను. పెద్ద వాన పడిన మర్నాడు తాడుకు థర్మామీటరు కట్టి దించాను. పైన 27 డిగ్రీలు, మీటరు లోతున 30. తలకిందుల వ్యవహారం. వాన నీరు మూతలా కూర్చుంది, కింద ఉప్పునీరు తన వేడిని తాను దాచుకుంది. కింద ఊపిరాడక రొయ్యలు గట్టు వారకు చేరాయి. బాబాయి పరుగున వెళ్లి నీటిని చిలికే ఏరియేటర్లన్నీ తిప్పాడు. అరగంటలో పైనీరు వెచ్చబడింది.

ఇప్పుడు ఏరియేటరు స్థానంలో తుఫానును పెట్టండి. వేసవిలో, ఈ దుప్పటి లేనప్పుడు, తుఫాను గాలి నీటిని కలచి లోతులోని చల్లని నీటిని పైకి తెస్తుంది. తన కాళ్లకింది పొయ్యి తానే ఆర్పుకుంటుంది. శీతాకాలపు తుఫానుకు ఆ శిక్ష తక్కువ. కలచినా కింది నుంచి వచ్చేది వెచ్చటి నీరే. వేసవి తుఫాను వెనక సముద్రం చల్లబడేది శీతాకాలపు తుఫాను వెనక చల్లబడేదానికి దాదాపు మూడు రెట్లని లెక్క తేలింది. అక్టోబరు, నవంబరుల్లో పైనీటి ఉష్ణోగ్రత ఉపగ్రహానికి మామూలుగా కనిపించినా, తుఫాను అందుకోగల వేడి దుప్పటి కింద ఉండవచ్చు. ఆ యువకుడి ఎర్ర పటం దుప్పటి పైభాగాన్ని మాత్రమే చూపిస్తుంది. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానుల్ని మా ఇంట్లో ఇప్పటికీ పేర్లతో కాదు, పడిపోయిన చెట్లతో గుర్తుపెట్టుకుంటారు. ఆ రెండు తుఫానులకూ ఇదొక్కటే కారణమని నేననను. కాని నవంబరు మనకెందుకు నెలల్లో చెడ్డ నెల అన్న ప్రశ్నకు ఈ దుప్పటి జవాబులో ఒక ముక్క.

బంగాళాఖాతమంతా ఒకే తీరున ఉండదనడానికి 2013 డిసెంబరులో వచ్చిన ‘మాది’ తుఫాను సాక్షి. ఉత్తరానికి వెళ్లి, వెళ్లినట్టే వెనక్కి తిరిగి, తాను కలచి చల్లబరిచిన నీటి మీదికే వచ్చింది. పైనుంచి పొడిగాలి కూడా తోడైంది. అంత తీవ్ర తుఫానూ నీరసించి, వాయుగుండంగా తమిళనాడు తీరం దాటింది. అప్పు చేసిన వీధిలోకే మళ్లీ అప్పుకు వెళ్లినవాడిలా అయింది దాని పని.

ఎల్‌నినో గురించి ఒక మాట, ఎక్కువ కాదు. అదీ సముద్రపు వేడే, పసిఫిక్‌లో. పత్రికల్లో ఎల్‌నినో అన్న మాట పడగానే మా వైపు రైతు ముఖం వాడిపోతుంది. నైరుతికి అది తరచుగా చేటే గాని, ఈశాన్యానికి తరచుగా మేలు. బలమైన ఎల్‌నినో ఉన్న 2015 నవంబరులో నెల్లూరు జిల్లా నీట మునిగింది. లానినా, అంటే అదే పసిఫిక్ చల్లబడటం, మొదలైన 2016లో ఈశాన్యం ముఖం చాటేసి, పక్కనే తమిళనాడులో లోటు 60 శాతం దాటింది. సూత్రం కుదిరిందనుకునేలోపు 2021 వచ్చింది. అది లానినా ఏడాది. అయినా నవంబరులో పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. ఏడాదికి తగిలించే ఒక్క చీటీ మొలగొలుకులు నారు పోసేవాడికి ఎందుకు పనికొస్తుంది? కందుకూరు వైపు పొగాకు నాటేవాడికి మొత్తం ఎన్ని సెంటీమీటర్లన్నది ముఖ్యం కాదు. నాటిన పది రోజులకు పడుతుందా, నాటిన రాత్రే పడుతుందా అన్నది ముఖ్యం. మా ఈశాన్యం వాన మూడు నెలలు సమంగా పడదు. నాలుగైదు విడతల్లో కుమ్మరించి వెళ్లిపోతుంది. ఆ విడతల మధ్య ఎడం ఎంతో చెప్పేవి గాలి, తేమ, మబ్బు, ఉప్పదనం. ఒక్క ఉష్ణోగ్రత కాదు.

ఇదంతా బాబాయికి చెప్పాను. ఓపికగా విన్నాడు. ‘అయితే ఇప్పుడు వాన పడుతుందా పడదా, అది చెప్పరా’ అన్నాడు. చెప్పలేకపోయాను. కాని చెప్పే ప్రయత్నం చేసేవాళ్లు ఉన్నారు. భారత వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే నాలుగు వారాలకు అంచనా ఇస్తుంది. గాలినీ సముద్రాన్నీ కలిపి నడిపే నమూనాతో వేసిన లెక్క అది. మొదటి రెండు వారాలకు కాస్త నమ్మకంగా, తర్వాత మసకగా ఉంటుంది. వాన విడత ఎప్పుడు, తెరిపి ఎప్పుడు అన్న ప్రశ్నకు ఇప్పటికి మనకున్న సరైన సాధనం అదే. మా ఊళ్లో దాని పేరు విన్నవాణ్ని నేనింతవరకు చూడలేదు. తెలుగులో, మండలం పేరుతో, ‘ఈ రెండు వారాల్లో మామూలు కంటే ఎక్కువ పడే అవకాశం పదిలో ఇంత’ అన్న ఒక్క వాక్యం బాబాయి ఫోనుకు వస్తే చాలు. ‘పదిలో ఇంత’ అంటే రైతుకు అర్థం కాదని అధికారులు అంటారు. రొయ్యల రైతుకా? ధర, తెగులు, కరెంటు, అన్నీ పందెమే అయిన మనిషికి అవకాశాల లెక్క అర్థం కాదంటే నాకు నవ్వొస్తుంది. అర్థం కానిది ‘గండం’ అన్న మాటే. దానికి కొలత లేదు.

అంచనా బాగుండాలంటే సముద్రం ఇచ్చేదీ పుచ్చుకునేదీ కొలవాలి. ఉపగ్రహాలున్నాయి. ఓషన్‌శాట్-2 మన శ్రీహరికోట నుంచే 2009 సెప్టెంబరు 23న ఎగిరింది. అప్పటికి శ్రీహరికోట నెల్లూరు జిల్లాలోనిదే. నీటి మీద చిరుఅలల నుంచి గాలి వేగం పసిగట్టే రాడారు అందులో 2014 దాకా పనిచేసింది. 2011లో వెళ్లి 2023 దాకా కక్ష్యలో ఉన్న మేఘా-ట్రోపిక్స్ ఉష్ణమండలపు తేమ లెక్కల కోసమే పుట్టింది. అయినా ఆకాశం నుంచి చూసేవాడికి సరిగా అందనిది ఒకటుంది. నీటికి రెండు మూడు మీటర్ల ఎత్తున గాలిలో ఎంత తేమ ఉందన్నది. డాల్టన్ అడిగింది కచ్చితంగా అదే. దానికి పరికరాలు మోస్తూ సముద్రంలో లంగరు మీద తేలే పీపాలు, బోయాలే గతి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాటిని బంగాళాఖాతంలో నిలుపుతుంది. తేలే వస్తువు కింద చేపలు గుమిగూడతాయి కాబట్టి పడవలు వాటికి తాళ్లు కడతాయి. పరికరాలు విరుగుతాయి, కొన్ని మాయమవుతాయి. ఒక బోయా మూగబోతే దాని చుట్టూ వందల కిలోమీటర్ల సముద్రం పద్దు రాసేవాడు ఉండడు.

తుమ్మలపెంటలో నాకు తెలిసిన ఒక పడవ యజమానితో ఈ మాటే తెచ్చాను. ‘చెన్నై వైపు పోయినప్పుడు ఆ పసుపు పీపాకు ఒకసారి కట్టాం’ అని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. ‘దాని కింద చేప బాగా ఉంటుంది సార్. అది దేనికో మాకెవరు చెప్పారు?’ చెప్పాను. గాలి, తేమ, వేడి, తుఫాను, అన్నీ. వల బాగుచేస్తూనే విన్నాడు. పనిలో పనిగా సీసాల్లో నీరు పట్టిచ్చిన జాలర్ల కథ కూడా చెప్పాను. చెయ్యి ఆపి, తల ఎత్తాడు. ‘ఉత్త నీళ్లా? సముద్రంలో నీళ్లే పట్టారా?’ అని అడిగి, అవునన్నాక కాసేపు నవ్వాడు. తర్వాత పక్కనే పడి ఉన్న రెండు ఖాళీ మంచినీళ్ల సీసాలు తీసి, మూతలు బిగించి, పడవలో ఐసు పెట్టె పక్కన పెట్టుకున్నాడు.

‘ఎంత దూరంలో పట్టాలి?’ అన్నాడు. ‘దూరం పోవాలంటే డీజిల్ ఎవరు పోస్తారో అది కూడా అడిగి చెప్పండి.’